నిటారు కొండే కావాలి

మెట్ల మలుపులో వదిన రొప్పుతోంది. భుజాన పుస్తకాలు కుక్కిన సంచి. కింది మెట్టు మీద ఆడపడుచు ఫోన్ చూస్తూ కూర్చుంది.

"మూడో అంతస్తుకే ఈ ఆయాసమేంటి వదినా? గైడుతో వెళ్లే ఈ వారం రోజుల కొండ నడకల్లో తేలికది కూడా ఉంది. సామాను వాళ్లే మోస్తారట. అది తీసుకో."

"వద్దు. ఆ నిటారు కొండే కావాలి. జరుగు, ఇంకోసారి దిగి ఎక్కాలి."

"కాసేపు కుదురుగా కూర్చోవూ! నీ మోకాళ్లేం కావాలి? ఎవరి మీద ఈ పంతం?"

"పంతం కాదే. తేలికదైతే మీ అన్నయ్య కూడా వస్తానన్నారు."

ఆడపడుచు తలెత్తింది.

"వారమంతానా?"

"వారమంతా. పక్కనే నడుస్తూ, సలహాలిస్తూ."

"ఆ సంచి ఇలా ఇవ్వు వదినా. మా ఆయనకీ నిటారు కొండలంటే భయమే."