టాపెట్ చప్పుడు

“జూన్ రెండు నాడు ఈడ చేరిన సారూ. ఆ పొద్దు ఉప్మ పెట్టిండ్రు. తినుకుంట, ఇగ నా బతుకు గాడిల పడ్డదనుకున్న.”

సిరిసిల్లలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉచితంగా బైకు రిపేరు నేర్పే షెడ్డు అది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, నేర్పే సారూ, సాంచాల (మరమగ్గాల) పని పోయి నేర్చుకోవడానికి వచ్చిన ఒకాయనా మిగిలారు.

“ఇప్పుడేమైంది అన్నా?”

“రేపటి పరీక్షల ఇంజన్ చప్పుడు ఇని, ఏం ఖరాబైందో చెప్పాలంట గద. నాకు ఇనబడదు సారూ. ఇరవై ఏండ్లు సాంచాల మోతల నిలవడితి, చెవులు పోయినయి. మనిషి మాటైతే పెదవులు జూసి పట్టుకుంట. ఇంజన్‌కు పెదవులేడియి?”

“నాకు ఎప్పుడో ఎరుకే. అందుకే నీ దిక్కు మొఖం పెట్టి చెప్తున్న.”

“అయ్యో! తప్పు జేస్తున్ననేమో, నన్నే జూస్తున్నరని బుగులు పడ్డ.”

“సాంచ ఖరాబైతే ఎట్ల తెలిసేది నీకు?”

“చెయ్యి పెడితే తెలిసేది.”

“అయితే ఈ స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టు. పిడి అరచేతుల ఒత్తి పట్టుకో.”

బండి స్టార్టయింది.

“టక్కుటక్కుమని కొడుతున్నది సారూ, పైన! వాల్వును నొక్కే టాపెట్ లూజున్నది.”

“గదే.”

“రేపు షోరూమ్ నుంచి పరీక్షకు వచ్చే సారు చెయ్యి పెట్టనిస్తడా?”

“అడిగితే ఇస్తడు. అడగాలంటే చెవుల సంగతి చెప్పాలె.”

“చెప్పినంక షోరూమోళ్లు పనిల పెట్టుకోకపోతే?”

“పెట్టుకోకపోవచ్చు. నీకు అబద్ధం చెప్పను. నన్ను చెప్పుమంటవా?”

“వద్దు సారూ. నేనే చెప్త. బండి ముట్టకముందే చెప్త.”

సారు ఇంజన్ ఆపి, ఆయన బయటికి నడిచేదాకా ఆగి, షెడ్డు తలుపు మెల్లగా మూశాడు.