వావిలి చెట్టుకు చెప్పిన పేరు

చర్ల అవతలి గూడెంలో, పెరట్లోని వావిలి చెట్టు కింద మందులవ్వ కూలబడి ఉంది. ఆకు కోసం పక్కింటి కోడలు వచ్చింది.

"ఎవరికే? పేరు చెప్పు. చెట్టుకు పేరు చెప్పకుండ తెంపితే ఆకు పనిచెయ్యదు. జల్దీ చెప్పు, నాకు లేచే ఓపిక లేదు."

"కూసో అవ్వా. ఇయ్యాల నేనే తెంపుత."

"పిల్లగానికి మళ్ల జరమా?"

"వాడు మంచిగనే ఉన్నడు. నీ ఒళ్లే కాలిపోతున్నది."

"నాకెందుకే..."

"ఊరందరికీ తెంపినవ్. నీకెవరన్న తెంపిన్రా?"

కోడలు కొమ్మ వంచి పట్టుకుంది.

"నీ పేరేంది అవ్వా? అందరం మందులవ్వ అనుడే. చెట్టుకు ఏమని చెప్పాలె?"

అవ్వ చాలాసేపు ఆలోచించింది. తనను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవ్వరూ మిగల్లేదు.

"సోములమ్మ. జర గట్టిగ చెప్పు బిడ్డా. ఆ పేరు అదెన్నడూ వినలే."