గుండె మాత్ర

వ్యాసర్పాడిలో సాయంత్రం. రిటైరైన ఫిట్టరు అరచేతిలో అతని భార్య ఒక మాత్ర పెట్టింది.

“ఇది కొలెస్ట్రాల్‌దే కదమే?”

“ఆ, గుండెకి.”

“దీంతోనే నా మతి పోతా ఉండాది. పొద్దున స్పానరు చేత పట్టుకుని, దాని పేరు రాక అట్నే నిలబడిపోతిని. డాక్టర్ని అడిగి ఆపించు.”

“ఆపితే గుండె?”

“గుండె నిలిస్తే ఒక్కసారే పోతా. ఇట్ల దినామూ పోతా ఉండా. ఇది ఆపితే అంతా తిరిగొస్తాది, చూడు.”

అతని మరుపు చూసి, ఆ మాత్రను ఆమె ఎవరికీ చెప్పకుండా దీపావళినాడే ఆపేసింది. అప్పట్నించి ఇస్తున్నది ఉత్త కాల్షియం మాత్ర. ఇప్పుడు ఉగాది కూడా దాటింది.

“వస్తాది. రేపు అడుగుతా. ఇవాల్టికి వేసుకో.”

“నేనైతే మరిచిపోతా. నువ్వు మరిచిపోబాక.”