ఆయన అందుకునే చోటు

అదిగో, మళ్ళీ ఆ తలుపు వైపే చూస్తున్నారు. మీ ఆయన పాట వినిపించకుండా పంపించేస్తానా, ఇబు అవ్వా? కొండ మీంచి తైతుంగ్ పట్నంలో మా పాటల భాండాగారం దాకా ఆ బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చారు. ఇంకాసేపు కూర్చోండి. ఈ కొర్రముద్దలు నాకెందుకు తెచ్చారు చెప్పండి.

అబ్బే, పాట ఎక్కడికీ పోలేదు. అంటే... ఎలా చెప్పను? పాటని నాలుగు ముక్కలు చేస్తాం. వాటి నుంచి లెక్కగట్టి ఇంకో రెండు తయారుచేస్తాం. ఆరు ముక్కలు, ఆరు మిషన్లు. ఏ రెండు పోయినా మిగతా నాలుగూ కలిసి పోయినవాటిని మళ్ళీ పుట్టిస్తాయి. నిండు కాపీలు మూడేసి దాచుకునే కంటే సగం చోటు కలిసొచ్చిందని మేమంతా తెగ మురిసిపోయాం లెండి.

పాత టేపా? బూజు పట్టిందని పారేశాం. మిషన్లలో ఉంది కదా అని.

అలా చూడకండి, జరిగింది చెప్తాను. పొద్దున ఆ ఆరు మిషన్లలో ఒకదాని డిస్కు చచ్చింది. అది మామూలే, ఎర్ర దీపం వెలుగుతుంది, దాన్ని లాగి కొత్తది పెడతాం. మిషన్లు బుద్ధిగా ఉండాలని మా నమ్మకం కొద్దీ వాటికి ఆకుపచ్చ చిరుతిండి పొట్లం తగిలిస్తాం చూడండి, దాని గడువు నిన్నటితో అయిపోయింది. గడువు దాటితే కీడని మా పై అధికారి షియె మేడమ్‌కి మహా పట్టింపు. నేనే కొత్తది తగిలించాను. కాస్త పెద్దది.

అది సరిగ్గా ఎర్ర దీపం మీద వాలింది. వెలుగు పొట్లం అంచు నుంచి జారి పక్క మిషన్ మీద పడింది. చచ్చింది అదేననుకుని నేను ఆ పక్కదాన్ని లాగేశాను. నిక్షేపంలాంటి డిస్కు. లాగడమేనా, చేతిలోంచి జారి నేల మీద పడి పగిలింది.

ఇంకా నాలుగున్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ అందులో ఒకటి ఇందాకట్నుంచీ తడబడుతోంది. అడిగిన చాలాసేపటికి గానీ పలకదు. ఆ టిక్కుటిక్కు దానిదే. అదీ పోతే మిగిలేవి మూడు. మూడింటితో పాట రాదు అవ్వా.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. ముందు మీకే చెప్తున్నాను. చచ్చేంత భయంగా ఉంది.

ఉండండి. ఆ టిక్కుటిక్కు ఆగింది. మీక్కూడా వినపడటం లేదు కదూ?

లేవకండి అవ్వా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ పాటకి మీరూ, మీ ఆయనా, ఇంకో ఇద్దరూ నాలుగు గొంతులు కలిపేవాళ్ళు. ముగ్గురు పోయారు, మీరొక్కరే ఉన్నారు. మీ ఒక్క గొంతులోంచి ఆయన గొంతు రాదని నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

అయినా పాడండి. ఇదిగో, ఫోన్‌లో రికార్డు పెట్టాను.

ఆయన అందుకునే చోట మాత్రం కాస్త ఆగండి.