బీరువాలో పొట్లం

చైనాలోని చెంగ్డూలో చలికాలపు మధ్యాహ్నం. వంటింట్లో తల్లీ కూతుళ్ళు కుడుములు చుడుతున్నారు. కూతురిని పెళ్ళాడబోయే అమెరికా అబ్బాయి ముందుగదిలో ఒంటరిగా కూర్చున్నాడు.

“ఏమే, మీ కర్టిస్ అలా ముఖం వేలాడేసుకున్నాడేం? ఆకలేస్తోందా?”

“అతనంటే నీకు ఇష్టం లేదట. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతానంటున్నాడు.”

“అయ్యయ్యో! నేనేమన్నానే?”

“ఏమీ అనలేదు. అతనిచ్చిన పొట్లం విప్పి చూడకుండా బీరువాలో పెట్టేశావు.”

“మరి ఇచ్చినవాళ్ళ ఎదుటే విప్పుతారుటే, ముఖం వాచినట్టు? అతను చేసిందేమిటి మరి! నేనిచ్చిన టీ పెట్టె చేతిలో పడగానే పరపరా చింపి గావుకేక పెట్టాడు. మీ నాన్న హడలిపోయి, పాపం వాళ్ళ ఊళ్ళో టీ దొరకదేమో అన్నారు.”

“అది వాళ్ళ మర్యాదమ్మా. ఇచ్చినవాళ్ళు సంతోషిస్తారని అలా చేస్తారు.”

“చింపడం మర్యాదా? దాచుకోవడం అవమానమా? నాకేం అర్థం కావట్లేదే తల్లీ.”

“అతనికీ అర్థం కావట్లేదు. ఇప్పుడైనా వెళ్ళి అతని ముందు విప్పు.”

“ఛీ, ఆత్రగత్తె అనుకోడూ?”

“అనుకోడు. నాలుగు నెలలు కూర్చుని తన చేత్తో అల్లాడమ్మా ఆ స్వెట్టర్.”

“తన చేత్తోనా?”

తల్లి పిండి చేతులతోనే దూదికోటు గుండీలు తీసింది. లోపల ఎర్ర స్వెట్టర్.

“అందుకేనా, ఎడమ చెయ్యి బెత్తెడు పొట్టిగా ఉంది!”