తల్లి నింపాల్సిన పేజీ

అదేంటి మేడం, ఆరు వారాలు మా అమ్మాయి ఒక్క క్లాసు ఎగ్గొట్టకుండా వచ్చిందా లేదా? వానలో తడుచుకుంటూ కూడా వచ్చిందా లేదా? మరి సర్టిఫికెట్ ఇవ్వడానికి నా సంతకం దేనికంట? తాగింది అది, క్లాసులో కూర్చుంది అది. మధ్యలో నేనేం చేశాను?

అరవడం లేదు లెండి. నా గొంతే అంత. బేకరీలో మిషన్ల మధ్య పదేళ్లు పని చేస్తే ఎవరి గొంతైనా ఇంతే అవుతుంది.

కూర్చోవాలా? సరే. ఈ కుర్చీలు పిల్లలవి కదూ, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. గోడ మీద ఆ బొమ్మ లివరా? అబ్బా, నేనింకేదో అనుకున్నాను! మా అమ్మాయి ఇంటికొచ్చి అన్నీ చెప్తుంది. ఈ వయసులో తాగితే మెదడుకి ఏమవుతుందో, స్నేహితులు బలవంతపెడితే ఎలా తప్పించుకోవాలో, అన్నీ. మీరు తిట్టరంట కదా. తాగి దొరికిన పిల్లల్ని తిట్టకుండా చదువు చెప్పేవాళ్లు ఉంటారని నాకు తెలీదు.

శుక్రవారంలోగా ఈ కాగితం బళ్లో ఇవ్వకపోతే దాన్ని పరీక్షలు రాయనివ్వరు మేడం. ఏడాది పోతుంది.

ఆ పేజీయా? చదివాను. ‘తల్లి లేదా తండ్రి నింపాలి.’ ఇంట్లో ఎవరికైనా తాగే అలవాటుందా అంటే, లేదని రాశాను. అది అబద్ధం కాదు. మా ఆయన పోయేదాకా చుక్క ముట్టలేదు. నేనూ ముట్టలేదు. కావాలంటే మా వీధంతా అడగండి.

రెండోది... బిడ్డకి మొదటిసారి మద్యం ఎవరిచ్చారు, ఏ వయసులో. పైన అది రాసిందిగా, స్నేహితురాలు ఇచ్చిందని? మళ్లీ నన్నడగడం ఎందుకు? కింద ‘పైన రాసినదంతా నిజం’ అని నా చేత సంతకం ఎందుకు?

అలా చూడకండి మేడం.

అవును, ఆ కళ్లద్దాల పిల్లే. ఆటల గది వెనక మా అమ్మాయి తూలుతూ దొరికిన రోజు, దాన్ని పట్టుకుని నిలబడింది ఆ పిల్లే. సీసా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అందరూ చూశారు.

తెలుసు. ఈ కాగితం బడికి చేరగానే తనని తీసేస్తారని తెలుసు. తాగినవాళ్లకి మీ క్లాసు, తెచ్చి పోసినవాళ్లకి టీసీ. నాకెలా తెలుసా? వాళ్లమ్మ నా పక్క బల్ల మీదే పిండి కలుపుతుంది. నిన్న మొహం పక్కకి తిప్పుకుని కలుపుతోంది, కన్నీళ్లు పిండిలో పడతాయని. “అక్కా, నా పిల్ల తాగిందంటే ఒప్పుకుందును, ఇంకొకరికి పోసిందంటే ఎలా నమ్మను?” అంది.

నేనేమన్నానో తెలుసా? “ఈ రోజుల్లో పిల్లల్ని నమ్మలేం చెల్లీ” అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

వద్దు, నీళ్లొద్దు. చెప్పనివ్వండి, ఆగితే మళ్లీ చెప్పలేను.

ఆ రోజు నన్ను బడికి పిలిచారు. హెడ్మాస్టర్ గారి బల్ల మీద ఆ సీసా ఉంది, మూత లేకుండా. గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. వాళ్లందరికీ అది మందు వాసన. నాకు మాత్రం ఎండుద్రాక్ష వాసన.

కేకుల్లో వేసే ఎండుద్రాక్షని మేం బ్రాందీలో నానబెడతాం మేడం. ద్రాక్ష తీసేశాక డబ్బా అడుగున చిక్కగా, తియ్యగా కాస్త మిగులుతుంది. పారబోసేదే కదా అని నేను సీసాలో పట్టి ఇంటికి తెచ్చుకునేదాన్ని. వంటింట్లో నూనె డబ్బా వెనక ఉండేది. అది మందని నాకెప్పుడూ తోచలేదు. కేకులో వేసేది మందెలా అవుతుంది? పుట్టినరోజుకి చంటిపిల్లలు కూడా తింటారే! అదీ నా తెలివి.

హెడ్మాస్టర్ గారు ఎవరి వంకా చూడకుండా “ఈ సీసా ఎక్కడిది?” అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, “మా ఇంట్లో ఇలాంటివి ఉండవండీ” అనేశాను. నన్నడిగారా ఎవరైనా?

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. చూసి, తల దించుకుని, “తనే తెచ్చిందండీ” అంది. ఆ కళ్లద్దాల పిల్ల పట్టుకున్న దాని చెయ్యి వదిలేసింది.

ఇంటికెళ్లాక ఒకటే ఏడుపు, నిజం చెప్పేస్తానని. నేనే ఆపాను. బేకరీలో తెలిస్తే నా పని పోతుంది, మనం ఏం తింటాం అన్నాను. మీ కాగితం మీద పక్కన కూర్చుని ఆ పిల్ల పేరు రాయించింది కూడా నేనే.

ఇంకా ఉంది. దానికి ఆ రుచి ఎలా తెలుసని మీరు అడగరేం?

మా ఆయన చనిపోయిన ఏడాది దానికి దగ్గొచ్చింది. ఐదేళ్లది. రాత్రంతా దగ్గు, నాకేమో తెల్లారకముందే డ్యూటీ. ఆ సీసాలోది చెంచాడు తీసి పాలల్లో కలిపి పోశాను. దగ్గుకి మంచిదని మా అత్తగారు అంటుండేది. “తియ్యగుందమ్మా” అని నవ్వి, పడుకుంది.

చిన్నప్పుడే రుచి మరిగితే పెద్దయ్యాక మానడం కష్టమని మీరు మొదటి క్లాసులోనే చెప్పారంట కదా? ఇంటికొచ్చి అన్నీ చెప్పే పిల్ల, అదొక్కటీ చెప్పలేదు మేడం. నోటుబుక్కులో చూశాను. ఆ మాట కింద రెండు గీతలు గీసుకుంది.

నిన్న నేను ఈ పేజీ ముందు పెట్టుకుని కూర్చుంటే, నా పక్కన చేరి, “పెట్టెయ్యమ్మా సంతకం, నేను ఎవరికీ చెప్పనులే” అంది. పదిహేనేళ్ల పిల్ల నాకు ధైర్యం చెప్తోంది! అలాగే పెట్టేద్దామనే వచ్చాను. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగా అందుకే వచ్చాను.

సరే, రాసుకోండి. ఆ పిల్ల పేరు కొట్టేసి, తల్లి అని రాయండి. బడికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. నా పని పోతే పోనివ్వండి. వయసు, ఐదేళ్లు. కారణం, దగ్గు...

ఆగండి. కారణం దగ్గని రాయకండి.

దగ్గు వారంలో తగ్గిపోయింది మేడం. నేను రెండేళ్లు పోశాను. అది మధ్యలో లేవకుండా పడుకుంటేనే కదా, బయట తాళం పెట్టి నేను పనికెళ్లేది.