తరవాణి పోసిన జీడిమామిడి

మధురవాడ జంక్షన్లో నూకాలు టీకొట్టు దగ్గర దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నాడంటే, పక్కనున్న ఆటోల వాళ్ళు వచ్చిన బేరం కూడా వదులుకునేవారు. అతనికి అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ స్టోర్సులో ఉద్యోగం. మధ్యాహ్నం షిఫ్టుకి కంపెనీ బస్సు అక్కడే ఎక్కుతాడు. బస్సు వచ్చేలోపు అతను ఏం చెప్పినా అది ఆఫ్రికా గురించే. వ్యవసాయం డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఫెలోషిప్ మీద టాంజానియా వెళ్ళి, ఒక ఏడాది పనిచేసి వచ్చాడు మరి.

ఆవేళ అతన్ని వెతుక్కుంటూ పద్మనాభం నుంచి జ్యోతిర్మయి వచ్చింది. అదే ఫెలోషిప్ ఇప్పుడు ఆమెకి వచ్చింది, అదే ఊరికి. వస్తుందో రాదో సాయంత్రంలోగా జవాబు పంపాలి. రానంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇటు చూస్తే ఇక్కడే ఒక కంప్యూటర్ ఆఫీసులో సోమవారం చేరమన్నారు. "ఎల్లొచ్చినోడు ఒకడున్నాడు కదమ్మా, ఆడినడుగు, ఆపైన నీ ఇష్టం" అన్నాడు నాన్న, గేదెకి గడ్డి వేస్తూ.

బండికి స్టాండు వేసి, చున్నీతో మొహం తుడుచుకుని, "అన్నయ్యా, అక్కడ పనేటి? తిరిగొచ్చాక మన బతుకేటి?" అని సూటిగానే అడిగింది.

దేవీప్రసాద్ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"పనంటే ఏటి లేదమ్మా, జీడిమామిడి మొక్కలకి అంటు కట్టడం. ఊరు పేరు మ్త్వారా, సముద్రం ఒడ్డు. నానెళ్ళేసరికి నర్సరీలో మొక్కలన్నీ సీపురుపుల్లల్లాగ ఎండిపోయున్నాయి. ఒక్కదానికే ప్రాణం ఉంది. దాన్ని బతికించేను."

"మా ఆవిడ కరేపాకు మొక్క బతికించింది. దానికి ఇమానం టిక్కెట్టు ఎవుడూ ఇవ్వలేదు" అన్నాడు ఆటో అప్పలరాజు.

"ఆగు బావా. ఎలా బతికించేనో అడగవేటి? మందులన్నీ ఏసేరు, ఎరువులన్నీ ఏసేరు, పెద్ద పెద్ద ఆఫీసర్లు కళ్ళజోళ్ళెట్టుకుని సూసేరు, లాభం లేదు. నాను నానున్న ఇంటి ముసలమ్మనడిగి ఒక కుండ తెచ్చుకుని, గంజి పులియబెట్టి, వేసంగిలో మనింట్లో తాగుతాం సూడు, ఆ తరవాణి, అది పెట్టేను. పొద్దున్నే నానో గ్లాసు, మొక్కకో గ్లాసు. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"పులిసిన కంపుకి మొక్క లేచి పారిపోయింది" అంది నూకాలు, పాలు తిరగబోస్తూ.

"సిగురేసింది పిన్నీ. పొద్దున్న సిగురేసింది, మధ్యాన్నానికి నా నడుం దాటింది, సాయంత్రం ముసలమ్మ బట్టలారేసిన తాడు దాని కొమ్మకి తగులుకుని పైకెళ్ళిపోయింది. మర్నాడు లేచి సూత్తే ఇంటి మీద పెంకులు లేవు, అయ్యి కూడా ఆకుల్లో ఉన్నాయి. ముసలమ్మ కోప్పడలేదమ్మా. పైకి సూసి, 'పోన్లే, ఇంక వాన కురవదు' అంది."

జ్యోతిర్మయికి నవ్వొచ్చింది. అడిగినదానికి ఇది జవాబు కాదని తెలుస్తూనే ఉంది. కానీ చెబుతున్నప్పుడు అతను ఎదురుగా ఉన్న ఫ్లైఓవర్ని చూడటం లేదు, దానికి చాలా అవతల ఎక్కడో చూస్తున్నాడు. ఆమె కూడా అటే చూసింది. లారీల మోత నెమ్మదిగా దూరమైపోయి, ఎక్కడో ఆకులు కదిలినట్టు వినిపించింది.

"వారం తిరిగేసరికి అది సింహాచలం కొండంత. బడి పిల్లలు పుస్తకాలు అట్టుకుని కొమ్మల మీదే ఎళ్ళేవోరు, కింద రోడ్డు ఖాళీ. మబ్బులు ఎళ్తా ఎళ్తా దాని మీద కాసేపు కునుకు తీసేవి. రాత్రేళ పూత వాసనకి సముద్రం ఒడ్డు దాటి దాని మొదలుదాకా వొచ్చి, అలికిడి సెయ్యకుండా పడుకునేది. నాను ఇన్నాను బావా, నిద్రలో సముద్రం గుర్రు పెట్టడం."

"మందు అక్కడ కూడా దొరుకుద్దేటి?" అన్నాడు అప్పలరాజు.

"తరవాణి తప్ప ఏటీ ముట్టలేదు. ఇంక జీడిపిక్కలు. ఒక్కో పిక్కా ఒక్కో ఓడకి సరిపోయేది. కొమ్మ కిందకి ఓడొస్తే పైనుంచి ఒక పిక్క దించేవోళ్ళు, ఓడ నిండిపోయేది. అది మన పోర్టుకొస్తే క్రేనులన్నీ కలిసి ఎత్తేవి. పలాసలో రంపాలెట్టి కోసేరు. నువ్వు తినే పకోడీలో జీడిపప్పు ఎక్కడిదనుకున్నావు?"

"మరి తిరిగొచ్చాక?" అంది జ్యోతిర్మయి. టైము చూసుకుంది. బస్సు వచ్చే వేళైంది. "నీతో వచ్చినవాళ్ళు ఏమయ్యారన్నయ్యా?"

"అదే సెప్తన్నాను. సాయంత్రం పనయ్యాక మా బ్యాచోళ్ళం కొమ్మల మీద కూకునేవోళ్ళం. కేరళ అమ్మాయి ఒకర్తి ఉండేది, ఎప్పుడూ మ్యాపులు గీసేది. ఆ పిల్ల కూకున్న కొమ్మ రాత్రికి రాత్రి పెరిగి, ఎడార్లు దాటి, మంచుకొండలు దాటి, జెనీవాలో ఒక ఆఫీసు కిటికీలోంచి లోపలెట్టింది. పిల్ల కుర్సీలో కూకుంది, ఇప్పటికీ అక్కడే. నైరోబీ కుర్రోడు ఒకడు, ఆడి కొమ్మ ఆణ్ణి బ్యాంకు మేడ మీద దింపింది. ఇంకొకడి కొమ్మ అలా తిరుగుతానే ఉంది, ఆడు నెలకో దేశం నుంచి ఫొటో పెడతాడు."

"మరి నీ కొమ్మ తిన్నగా అచ్యుతాపురం వొచ్చి దింపేసిందేటి బావా?" అన్నాడు అప్పలరాజు.

ఆటోల వాళ్ళు గొల్లుమన్నారు. దేవీప్రసాద్ మాత్రం పక్కన పెట్టిన టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. జ్యోతిర్మయికి తెలియవలసింది కూడా అదే. ఆమె అతని వైపే చూసింది.

"నాను ఎక్కలేదు" అన్నాడు. "అందరూ ఎక్కేత్తే తరవాణి ఎవుడు పోత్తాడు?" మళ్ళీ గొంతు పెంచాడు. "నాను వొచ్చేసినా అది ఆగలేదు. దాని నీడ సముద్రం మీద పడింది. ఓడల్లో కెప్టెన్లు రాత్రైపోయిందనుకుని పట్టపగలు లైట్లేసుకున్నారు. సేపలు నిద్దరకి పడిపోయాయి. ఆ నీడ మాల్దీవులు దాటింది, సిలోన్ సుట్టు తిరిగింది, మన పోర్టు పక్క డాల్ఫిన్ కొండ ఎక్కింది. ఇప్పుడు ఈ మధురవాడంతా దాని నీడలోనే ఉంది, మీకు తెలీటం లేదంతే."

నూకాలు గిన్నె దించింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒకసారి పైకి చూసింది.

"ఔను గావాల నాయనా. అందుకే కాబోలు, నా బుర్ర మీద అట్టు పోసుకోవచ్చు. పొద్దున్నుంచి ఈ టార్పాలిన్ ఎండకి కన్నాలు పడతంటే ఏటా అనుకున్నాను."

ఈసారి రోడ్డవతల బస్టాపులో వాళ్ళు కూడా తిరిగి చూసేలా నవ్వారు. అప్పలరాజు చేతిలో టీ ఒలికిపోయింది. దేవీప్రసాద్ కూడా నవ్వి, ఇంక కలపడానికి ఏమీ దొరక్క, బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. కంపెనీ బస్సు వచ్చి ఆగింది.

జ్యోతిర్మయి అతని వెనకే నడిచింది. "అన్నయ్యా, అందులో నిజమెంత?"

"మొక్క నిజం" అన్నాడు మెల్లిగా. "మోకాలెత్తుండేది. వొచ్చేసినరోజు పొద్దున్న కూడా పోసేను. కొన్నాళ్ళు ముసలమ్మ ఫొటోలు పంపేది. మరి ఫోను మారిందో, ఏటో, ఆగిపోయాయి. ఎంతైందో తెలీదు." ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. "ఎవురూ సెప్పరు కదా. అందుకే ఇక్కణ్ణుంచి నానే పెంచుకుంటన్నాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. జ్యోతిర్మయి మెడలోకి కారిన చెమట తుడుచుకుంది. ఎదురుగా ఆమె చేరవలసిన ఆఫీసు అద్దాల మేడ ఎండకి మెరిసిపోతోంది. ఆమె దానికి వీపు పెట్టి నిలబడింది.

"ఎక్కడుంటుంది? గుర్తు చెప్పు."

"నర్సరీ ఎనక, నుయ్యి పక్కన. ఎందుకూ?"

"చూసి చెప్తానన్నయ్యా."

బస్సు కదిలింది. దేవీప్రసాద్ తోసుకుంటూ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని, తల బయటపెట్టి, "ఒకేళ పక్కన ఏరే మొక్కలుంటే కంగారు పడకు, మనది ఇంతుంటది" అని చెయ్యి చాపి ఎత్తు చూపించాడు. ముందు మోకాలంత. బస్సు కాస్త దూరం వెళ్ళాక మనిషంత. మలుపు తిరిగేసరికి ఆ చెయ్యి బస్సు టాపు దాటిపోయి ఉంది.